స్లో స్క్రూ ముట్టుకునే ముందు
(పాత డీజిల్ పికప్‌లు నడుపుకునే తెలుగు డ్రైవర్లకు, షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు బెంగళూరులో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కళాసిపాళ్యం నుంచి, యశ్వంతపురం మార్కెట్ నుంచి, కె.ఆర్. పురం వైపు నుంచి చాలామంది వచ్చారు. ములబాగిలు, పలమనేరు బళ్లు కూడా బయట కనబడుతున్నాయి. మీకు దొరికేదే ఆదివారం పూట నాలుగు గంటల ఖాళీ. అది వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

ఇవాళ మాట్లాడుకునేది ఐడ్లింగ్ గురించి. అంటే బండి ఆగి ఉండి, పెడల్ తొక్కకుండా ఇంజిన్ నెమ్మదిగా తిరగడం. మన భాషలో స్లో. "అన్నా, స్లో నిలబడటం లేదు", "సిగ్నల్లో ఆగిపోతోంది", "స్లోలో బండి అంతా ఊగుతోంది". ఈ మూడు మాటలు షెడ్డులో రోజూ వినబడేవే. ఈ మాట వినగానే నూటికి తొంభై చోట్ల మెకానిక్ చేసే మొదటి పని ఏమిటో మీకు తెలుసు. స్క్రూడ్రైవర్ తీస్తాడు, ఇంజిన్‌కి డీజిల్ కొలిచి పంపే పంపు మీద ఉన్న స్లో స్క్రూని అర చుట్టు తిప్పుతాడు. ఇంజిన్ గట్టిగా అందుకుంటుంది, డ్రైవర్ సంతోషంగా వెళ్లిపోతాడు. పదిహేను రోజులకి మళ్లీ వస్తాడు. ఈసారి ఇంకో అర చుట్టు. ఈ అలవాటు మానాలి. స్క్రూ చిట్టచివరి పని. ఎందుకో తెలియాలంటే ముందు ఆ పంపులో ఏం జరుగుతుందో చూడాలి.

పెట్రోల్ ఇంజిన్‌లో స్పీడు తగ్గించాలంటే గాలికి అడ్డం పెడతారు. పాత డీజిల్ ఇంజిన్‌లో గాలికి అడ్డు లేదు. ఎంత పీల్చుకోగలిగితే అంత పీల్చుకుంటుంది. స్పీడును నిర్ణయించేది డీజిల్ ఒక్కటే. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ వేడెక్కాక స్లోలో గంటకు సుమారు అర లీటరు పైచిలుకు తాగుతుంది. 800 ఆర్‌పీఎం (నిమిషానికి 800 చుట్లు) దగ్గర ఆ ఇంజిన్‌లో నాజిళ్లు, అంటే సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే మొనలు, అన్నీ కలిపి నిమిషానికి 1600 సార్లు కొడతాయి. లెక్క వేసి చూడండి. ఒక్కో దెబ్బకి పడేది ఐదారు ఘనపు మిల్లీమీటర్ల డీజిల్. మన కంటికి కనిపించే ఒక చుక్కలో చిన్న భాగం. అదే లోడు మీద ఘాట్ ఎక్కుతున్నప్పుడు దానికి ఎన్నో రెట్లు పడుతుంది. ఆ పెద్ద మోతాదులో ఆవగింజంత గాలి బుడగ కలిసినా ఇంజిన్ పట్టించుకోదు. స్లోలో అదే బుడగ వస్తే ఆ దెబ్బ పూర్తిగా పోయినట్టే. అందుకే ఏ చిన్న లోపమైనా ముందు స్లోలో బయటపడుతుంది. రోడ్డు మీద బాగా లాగుతోంది, సిగ్నల్లో మాత్రమే చస్తోంది అంటే ఇంజిన్ మంచిదే అని కాదు. లోపం ఇంకా చిన్నగా ఉంది అని అర్థం. పట్టుకోవడానికి అదే మంచి సమయం.

ఇక గవర్నర్. పంపు లోపల రెండు వెయిట్లు, వాటికి ఎదురుగా ఒక స్ప్రింగు ఉంటాయి. ఇంజిన్ స్పీడు పెరిగితే వెయిట్లు బయటికి విచ్చుకుని డీజిల్ తగ్గిస్తాయి. స్పీడు పడిపోతే వెయిట్లు ముడుచుకుంటాయి, స్ప్రింగు గెలుస్తుంది, డీజిల్ పెరుగుతుంది. ఎవరూ తాకకుండానే స్లో నిలబడేది ఇలా. ఇప్పుడు ఒక సిలిండర్ సరిగా పనిచేయడం లేదనుకోండి. పల్లకి మోసే నలుగురిలో ఒకడు భుజం తీసేస్తే బరువంతా మిగతా ముగ్గురి మీద పడుతుంది కదా. గవర్నర్ కూడా స్పీడు పడిపోకుండా డీజిల్ పెంచుతుంది, ఆ పెరిగింది మిగతా మూడు సిలిండర్లలో కాలుతుంది. అంటే మీ బండి సిగ్నల్లో ఆగిపోయే రోజు వచ్చేసరికి గవర్నర్ ఆ లోపాన్ని ఎన్నాళ్ల నుంచో కప్పిపుచ్చుకుంటూ వచ్చింది. మీరు స్క్రూ తిప్పితే కప్పిపుచ్చడానికి దానికి ఇంకాస్త బలం ఇచ్చారు, అంతే.

ఆ బలం ఊరికే రాదు. స్లో పెరిగిన బండికి రివర్స్ గేరు వేసేటప్పుడు కరకరమంటుంది. క్లచ్ మీద కాలు తీయకుండా నడపాల్సి వస్తుంది. సిల్క్ బోర్డు దగ్గరో, హెబ్బాళ ఫ్లైఓవర్ కిందో అరగంట నిలబడితే అదనంగా కాలే డీజిల్ మీ జేబులోదే. అద్దె బండి కాదు, లోను కట్టుకుంటున్న సొంత బండి. నాకు ఈ విషయంలో కోపం వచ్చేది అందుకే.

స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి చేయాల్సిన మొదటి పని వినడం. బండిని చదునైన చోట ఆపండి, హ్యాండ్ బ్రేకు వేయండి, చక్రానికి రాయి పెట్టండి, న్యూట్రల్లో ఉంచి ఇంజిన్ వేడెక్కనివ్వండి. ఇప్పుడు బానెట్ దగ్గర కాదు, వెనక సైలెన్సర్ దగ్గరికి వెళ్లండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 800లో తిరుగుతుంటే సెకనుకు సుమారు 27 దెబ్బలు. చెవి వాటిని లెక్కపెట్టలేదు, ఒకే ధారలా వినిపిస్తుంది. ఒక సిలిండర్ కొట్టకపోతే ఆ ధారలో సెకనుకు ఆరేడు సార్లు ఒక సందు పడుతుంది. అది చెవికి, చేతికి స్పష్టంగా తెలుస్తుంది. సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో ఒక కాగితం ముక్క పట్టుకోండి. సందు పడ్డప్పుడల్లా కాగితం తడబడుతుంది. ఆ తడబాటు ఒకే తాళంలో ఆగకుండా వస్తుంటే దాన్ని మిస్సింగ్ అంటాం. జబ్బు ఒక్క సిలిండర్‌లో ఉంది.

అలా కాకుండా సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి ఇంజిన్ మొత్తం పైకి లేచి కిందికి దిగుతుంటే అది హంటింగ్. అన్ని సిలిండర్లకీ కలిపి జరుగుతోంది కాబట్టి నాజిల్ విప్పడం దండగ. డీజిల్ వచ్చే దారిలో గాలి, ఫిల్టరు, లేదా గవర్నర్ లింకులు పట్టేయడం, వీటిలో వెతకాలి. మూడో రకం, స్లోలో బాగానే ఉంటుంది గానీ రేస్ ఇచ్చి ఒక్కసారిగా వదిలితే ఆగిపోతుంది. దానికి ముందు కేబుళ్లు చూడాలి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి పంపు దింపేస్తే జరిగేది ఖర్చు మాత్రమే.

రెండు సిలిండర్ల చిన్న బండి వాళ్లకి ఒక మాట. 2005లో వచ్చిన టాటా ఏస్‌లో 702 సీసీ ఇంజిన్, రెండే సిలిండర్లు. ఒక చుట్టుకి ఒక్క దెబ్బే. అది పుట్టుకతోనే ఊగుతుంది. దాన్ని పక్కనున్న నాలుగు సిలిండర్ల బండితో పోల్చి మిస్సింగ్ అనుకోకండి. కొత్తలో ఎలా ఊగేదో గుర్తు తెచ్చుకుని దానితో పోల్చండి.

విన్న తర్వాత డ్రైవర్ని అడగాలి. డ్రైవర్ అయితే తనను తానే ప్రశ్నించుకోవాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు కూడా వస్తోందా? ఏటవాలులో పెడితే ఎక్కువవుతోందా? ఫిల్టరు మార్చాక మొదలైందా? ఈ నాలుగు ప్రశ్నలకి జవాబులు వస్తే సగం పని అయిపోయినట్టే. ఇందులో ట్యాంకు ప్రశ్న ఎవరూ అడగరు. దాని గురించి ఇప్పుడు కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే పాత బళ్లలో స్లో జబ్బుకి పెద్ద కారణం గాలి పట్టడమే అని నా గట్టి అభిప్రాయం.

ట్యాంకు నుంచి డీజిల్ లాగి పెద్ద పంపుకి అందించే చిన్న పంపు ఫీడ్ పంపు. ట్యాంకు నుంచి దాని దాకా ఉన్న పైపులో డీజిల్‌ని అదే లాగుతుంది. లాగే చోట పైపు లోపల ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. అక్కడ చిన్న చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. "లీకు ఉంటే తడి కనిపించాలి కదన్నా" అంటారు. ఫీడ్ పంపు దాటాక, ఒత్తిడి ఉన్న వైపు లీకైతే తడి కనిపిస్తుంది. లాగే వైపు లీకు పొడిగానే ఉంటుంది. అందుకే దొరకదు.

దాన్ని కంటితో చూడటానికి చేతిలో ఉండాల్సింది ఒక అడుగు పారదర్శకమైన పైపు. డీజిల్ తట్టుకునే రకం కావాలి, అక్వేరియం పైపు మెత్తబడిపోతుంది. దాన్ని ఫిల్టరుకీ పంపుకీ మధ్య బిగించి ఇంజిన్ స్టార్ట్ చేయండి. మొదటి నిమిషం బుడగలు రావడం మామూలే, మీరు విప్పినప్పుడు పోయిన గాలి అది. ఆ తర్వాత పైపు నిండుగా, కదలిక లేనట్టు కనబడాలి. సన్నటి సూదిమొనంత బుడగలు వరసగా పోతూ ఉంటే దొరికినట్టే. కొన్నిసార్లు స్లోలో కనబడవు, రేస్ ఇచ్చినప్పుడు లాగుడు పెరిగి కనబడతాయి. ఒక నిమిషం ఓపిగ్గా చూడండి.

గాలి ఎక్కడ దూరుతోందో తేల్చడానికి ఒక క్యాను చాలు. శుభ్రమైన డీజిల్ ఐదు లీటర్ల క్యానులో పోసి ఫీడ్ పంపు కన్నా ఎత్తులో పెట్టండి. ట్యాంకు నుంచి వచ్చే పైపు తీసేసి, క్యాను నుంచి నేరుగా ఫీడ్ పంపుకి పైపు ఇవ్వండి. గాలి తీసి స్టార్ట్ చేయండి. స్లో నిలబడిందా? అయితే పంపు నిర్దోషి. లోపం ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్య ఉంది. నిలబడలేదా? అప్పుడు ముందుకు వెళ్లండి. పది నిమిషాల పని ఇది. పంపు దింపి బెంచి మీదికి పంపే ముందు ఈ పది నిమిషాలు పెట్టని మెకానిక్ దగ్గర బండి ఇవ్వకండి.

కోలార్ వైపు టమాటా క్రేట్లు వేసే ఒక పాత పికప్ నా దగ్గరికి వచ్చింది. వేరే చోట పంపు పని చేయించారు, నాజిళ్లు మార్చారు. అయినా రాత్రి లోడుతో వచ్చేటప్పుడు హొసకోటె దాటాక స్లో పడిపోయేది, పొద్దున మళ్లీ బాగుండేది. డ్రైవర్ చెప్పిన మాటలో పనికొచ్చింది ఒక్కటే. పొద్దున ట్యాంకు నింపుతాడు. క్యాను పెట్టాం, ఇంజిన్ నిలకడగా తిరిగింది. ట్యాంకు పై మూత విప్పి లోపల డీజిల్ లాగే గొట్టాన్ని బయటికి తీశాం. దాని మధ్యలో అతుకు దగ్గర వెంట్రుకంత పగులు, చుట్టూ తుప్పు గీత. ట్యాంకులో డీజిల్ ఆ పగులు పైన ఉన్నంతసేపు అది డీజిల్‌నే లాగింది. మట్టం పగులు కిందికి దిగగానే గాలి లాగడం మొదలుపెట్టింది. గొట్టం మార్చాక ఆ బండి పంపు మళ్లీ ఎవరూ విప్పలేదు. ట్యాంకు పావు దాకా వచ్చినప్పుడే జబ్బు వస్తోంది అంటే మీరు కూడా అక్కడే వెతకండి.

మిగతా చోట్లు త్వరగా చెబుతాను. రబ్బరు గొట్టాలు ఎండకి గట్టిపడి క్లిప్ కింద పగులుతాయి. వేలితో వంచి చూస్తే పగుళ్లు నోరు తెరుస్తాయి. బ్యాంజో బోల్టులకి (పైపు చివర పట్టి ఉంచే, లోపల డీజిల్ పోయే బోలు బోల్టులు) రెండు వైపులా ఉండే రాగి వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి. పాతవి తీసి వెలుతురులో పెట్టి చూడండి. అంచు చుట్టూ మెరిసే ఉంగరంలాంటి గీత తెగకుండా ఉండాలి. ఎక్కడైనా తెగితే గాలి దారి అదే. ఎర్రగా కాల్చి మెత్తబరిచి మళ్లీ వాడేవాళ్లున్నారు, పని చేస్తుంది కూడా. కానీ జె.సి. రోడ్డులో కొత్త వాషర్లు టీ ఖర్చుకి దొరుకుతాయి, కొత్తవే వేయండి.

ఫిల్టరు మార్చాక మొదలైన జబ్బయితే ఇంకోటి చూడాలి. పాత రబ్బరు రింగు ఫిల్టరు తలకి అతుక్కుని ఉండిపోతుంది. గమనించకుండా దాని మీద కొత్త రింగుతో గిన్నె బిగిస్తారు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. కొత్త ఫిల్టరు వేశాక స్లో పాడైంది అని మనిషి తల పట్టుకుంటాడు. ఫిల్టరు తీసినప్పుడు తల కింద వేలు పెట్టి చుట్టూ తడమడం అలవాటు చేసుకోండి.

నీళ్ల సంగతి. వానాకాలంలో ఫిల్టరు కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదిలి ఒక గాజు సీసాలోకి పట్టండి. ఐదు నిమిషాలు ఆగితే నీళ్లు అడుక్కి చేరి గీత గీసినట్టు విడిగా కనబడతాయి. నీళ్లు నాజిల్ సూదిని తుప్పు పట్టిస్తాయి. స్లోలో చుక్క సరిగా చిమ్మకుండా కారేది ఆ తుప్పు వల్లే.

గాలి తీసేటప్పుడు వరస పాటించాలి. ముందు మొదటి ఫిల్టరు మీది స్క్రూ, తర్వాత రెండోది, తర్వాత పంపు. ఒక్కో చోట నురగ పోయి నిండు ధార వచ్చేదాకా చేతి ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) కొట్టాలి. ప్రైమర్ గట్టిపడితే నిండినట్టు. రాత్రి గట్టిగా ఉన్న ప్రైమర్ పొద్దున మెత్తగా ఉంటే రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతోంది. పొద్దున స్టార్టింగ్ ట్రబుల్, రెండు నిమిషాలు ఊగి తర్వాత సర్దుకోవడం, ఈ రెండూ కలిసి వస్తే ఇదే కారణం. చాలామంది దాన్ని బ్యాటరీ మీదికి తోసేస్తారు.

ఇక మిస్సింగ్. ఇది పాత మెకానికల్ పంపు ఉన్న బళ్లకి మాత్రమే చెబుతున్నాను, కామన్ రైల్ (కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే రకం) బళ్ల వాళ్లు ఇది చేయకూడదు. ఇంజిన్ స్లోలో తిరుగుతుండగా నాజిల్ దగ్గర ఉన్న హైప్రెషర్ పైపు నట్టును గుడ్డ కప్పి అర చుట్టు వదలండి. కళ్లకి అద్దాలు పెట్టుకోండి, చెయ్యి దూరంగా ఉంచండి. ఆ సిలిండర్ పనిచేస్తున్నదైతే ఇంజిన్ శబ్దం మారుతుంది, స్పీడు పడిపోతుంది. మళ్లీ బిగించి తర్వాతి దానికి వెళ్లండి. ఏ నట్టు వదిలినా మార్పు లేదో ఆ సిలిండరే కూలి చేయడం లేదు.

దొరికాక వెంటనే కొత్త నాజిల్ కొనకండి. దాన్ని పక్క సిలిండర్‌లో వేయండి, పక్కదాన్ని ఇక్కడ వేయండి. అడుగున ఉండే రాగి వాషర్ కొత్తది పెట్టండి. మిస్సింగ్ నాజిల్‌తో పాటు పక్క సిలిండర్‌కి పోయిందా, నాజిలే దోషి. అక్కడే ఉండిపోయిందా, కంప్రెషనో (సిలిండర్‌లో గాలి నొక్కుడు), టాపెట్టో (వాల్వు తెరిచే భాగం), పంపులో ఆ లైనో చూడాలి. ఇందులో ఖర్చయ్యేది వాషర్లే.

నాజిల్ బెంచి మీద పెట్టినప్పుడు పక్కన నిలబడి చూడండి, సిగ్గుపడకండి, డబ్బు మీది. నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పాత ఇంజిన్ల నాజిళ్లు సుమారు 200 నుంచి 250 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకుంటాయి, మీ బండికి ఎంతో పుస్తకంలో ఉంటుంది. ఒత్తిడి అందగానే టక్కున తెరుచుకుని పొగమంచులా చిమ్మి, వెంటనే మూసుకోవాలి. మూసుకున్నాక మొనకి చుక్క వేలాడకూడదు. ఆ చిమ్మే చోట వేలు పెట్టకండి. డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, చెయ్యి తీసేయాల్సినంత దాకా పోతుంది. అలా జరిగితే ఆసుపత్రికి పరుగెత్తాలి, పసుపు పెట్టుకుని కూర్చోకూడదు.

ఈ పని నేర్చుకోవడానికి మన ఊరు మంచి చోటు. బాష్ వాళ్లు జర్మనీలో డీజిల్ పంపుల తయారీ పెద్ద ఎత్తున మొదలుపెట్టింది 1927లో. ఇక్కడ 1951లో పుట్టిన మైకో కంపెనీ ఆడుగోడి ఫ్యాక్టరీలో పంపులు, నాజిళ్లు చేసింది. 2008లో ఆ కంపెనీ పేరు బాష్ లిమిటెడ్ అయినా షెడ్డుల్లో ఇప్పటికీ మైకో పంపు అనే అంటాం. ఆ పనిలో చేయి తిరిగిన పెద్దవాళ్లు ఇంకా బెంచీల దగ్గర కూర్చుని ఉన్నారు. తమ్ముళ్లారా, వాళ్లు ఉండగానే వాళ్ల దగ్గర నేర్చుకోండి.

నాజిల్ మంచిదే అని తేలితే టాపెట్లు చూడండి. గ్యాప్ బిగువైపోతే వాల్వు పూర్తిగా కూర్చోదు. స్లోలో కంప్రెషన్ మెల్లగా జారిపోయే టైము ఉంటుంది కాబట్టి మిస్సింగ్ వస్తుంది, స్పీడులో జారే టైము లేక బాగానే ఉంటుంది. టాపెట్ సెట్టింగ్‌కి అయ్యే ఖర్చు తక్కువ, కానీ దాన్ని వదిలేసి హాఫ్ ఇంజిన్ పని చెప్పేవాళ్లు ఉన్నారు. ఆ తర్వాతే కంప్రెషన్ గేజి.

[సభలో ఒకరు: "అన్నా, బెంగళూరు ఎత్తులో ఉంది కదా, దానివల్ల స్లో తగ్గుతుందా? చిత్తూరు దిగితే మా బండి బాగుంటుంది."]

మంచి ప్రశ్న తమ్ముడూ. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైతో పోలిస్తే దాదాపు పదో వంతు తక్కువ. కానీ డీజిల్ ఇంజిన్‌కి స్లోలో కావాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు గాలి దొరుకుతుంది. పదో వంతు తగ్గితే స్లో పడిపోదు. లోడు మీద నల్ల పొగ కాస్త ఎక్కువ రావచ్చు, అది వేరే సంగతి. ఎత్తు తేడా కనబడేది కంప్రెషన్ గేజిలో. ఇక్కడ కొలిస్తే అంకె కొంచెం తక్కువ వస్తుంది. అందుకే అంకె చూసి భయపడకుండా నాలుగు సిలిండర్లనీ ఒకదానితో ఒకటి పోల్చాలి. మూడు ఒకేలా ఉండి ఒకటి బాగా తక్కువ ఉంటే జబ్బు అక్కడుంది. ఇక నీ బండి మొగిలి ఘాట్ దిగి చిత్తూరు చేరేసరికి ఇంజిన్ బాగా వేడెక్కి ఉంటుంది, కింద వాతావరణం కూడా వేడి. చల్లటి ఇంజిన్‌లో కంప్రెషన్ బలహీనంగా ఉంటే స్లోలో కాలని డీజిల్ తెల్ల పొగగా కళ్లు మండిస్తూ వస్తుంది, వేడెక్కాక సర్దుకుంటుంది. డిసెంబరు పొద్దున ఆ పొగ వస్తోందా చూడు. వస్తుంటే ఎత్తుని వదిలేసి, గ్లో ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ని వేడిచేసేవి) ఉన్న ఇంజిన్ అయితే ముందు అవి, తర్వాత టాపెట్లు, నాజిళ్లు చూపించు.

కేబుళ్ల సంగతి చెబుతానన్నాను. ఇంజిన్ ఆపడానికి లాగే కేబుల్ పూర్తిగా వెనక్కి పోకపోతే పంపు మీది స్టాప్ లివర్ సగం లాగి పట్టుకున్నట్టే ఉంటుంది. డీజిల్ కోత పడుతుంది, స్లో చస్తుంది. పంపు దగ్గర చూస్తే లివర్ తన స్థానంలో ఆనుకుని ఉండాలి. చేత్తో నెట్టి చూడండి. కాస్త కదిలి ఇంజిన్ అందుకుందంటే కేబుల్‌కి నూనె వేస్తే బాగుపడే జబ్బు అది. యాక్సిలరేటర్ కేబుల్‌ది దీనికి తలకిందులు. బిగువుగా ఉంటే స్లో ఎక్కువగా ఉంటుంది, ఒక్కోసారి ఒక్కోలా ఉంటుంది. పెడల్ వదిలినప్పుడు పంపు లివర్ స్లో స్క్రూకి తగిలి ఆనాలి, కేబుల్‌లో కాస్త వదులు ఉండాలి. లివర్ స్క్రూకి తగలకుండా కేబుల్ మీద వేలాడుతుంటే మీరు స్క్రూ ఎంత తిప్పినా దండగే.

క్యాబిన్ ఊగుతోంది గానీ సైలెన్సర్ దగ్గర శబ్దం సమంగా ఉందా? ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బరు కుంగిపోయి ఇనుము ఇనుముకి ఆనుతుంది. స్లో కాస్త పెంచితే ఊగుడు మాయమవుతుంది, ఇక్కడ కూడా స్క్రూదే గెలుపు అనిపిస్తుంది. రబ్బరు మార్చాల్సిన చోట డీజిల్ కాల్చడం అది.

ఇవన్నీ అయ్యాక స్క్రూ. ముందు ఇప్పుడున్న చోట పెయింటుతో ఒక గీత పెట్టండి. ఇంజిన్ పూర్తి వేడి మీద ఉండాలి, లైట్లు, బ్లోవర్ ఆపి ఉండాలి. మీటరు లేని బండి అయితే క్రాంక్ పుల్లీకి మెరిసే టేపు ముక్క అంటించి చేతి టాకోమీటరుతో కొలవండి, ఎస్.పి. రోడ్డులో దొరుకుతుంది. నాలుగు సిలిండర్ల పాత బళ్లకి సాధారణంగా 700 నుంచి 850 మధ్య ఉంటుంది, మీ బండి పుస్తకంలో ఉన్న అంకే ఆఖరి మాట. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కాస్త కదులుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవాలి. తర్వాత హెడ్‌లైట్లు వేయండి, పవర్ స్టీరింగ్ ఉంటే చివరి దాకా తిప్పండి. స్పీడు ఒక్క క్షణం దిగి మళ్లీ తన చోటుకి రావాలి. పంపు మీద ఇంకో స్క్రూ ఉంటుంది, సీలు వేసి. అది ఫుల్ స్పీడుది. దాని జోలికి వెళ్లకండి.

కామన్ రైల్ బళ్లు కూడా ఇప్పుడు పాతబడ్డాయి. మన ఊరికి బీఎస్ 4 (బండి పొగ మీద కాలుష్య నిబంధన) వచ్చింది 2010లోనే. వీటిలో తిప్పడానికి స్లో స్క్రూ లేదు, కంప్యూటర్ చూసుకుంటుంది. పైపు నట్టు వదిలే పని వీటికి ప్రాణాంతకం, స్లోలోనే రైల్లో, అంటే అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచే గొట్టంలో, వందల బార్ల ఒత్తిడి ఉంటుంది. స్కానర్ పెట్టి ఏ సిలిండర్‌కి ఎంత సవరణ ఇస్తోందో చూడండి. గవర్నర్ గుట్టుగా చేసే పనే ఇక్కడ అంకెల్లో కనబడుతుంది. నాలుగు ఇంజెక్టర్ల రిటర్న్ పైపులు నాలుగు చిన్న సీసాల్లోకి ఇచ్చి కాసేపు నడిపితే ఎక్కువ నిండిన సీసా ఏ ఇంజెక్టర్ అరిగిందో చెబుతుంది. స్లో 1000 పైన ఒకే చోట నిలబడిపోయి పెడల్‌కి పలకకపోతే పెడల్ సెన్సరు, దాని వైరింగు చూపించండి. మసి పట్టి ఈజీఆర్ వాల్వు (కొంత పొగని తిరిగి ఇంజిన్‌లోకి పంపేది) తెరిచి ఉండిపోతే స్లోలో ఊగుడు, నల్ల పొగ రెండూ వస్తాయి.

పెట్రోల్, గ్యాసు చిన్న పికప్‌ల లెక్క పూర్తిగా వేరు. అక్కడ థ్రాటిల్ బాడీలో మసి, వాక్యూమ్ గొట్టం పగులు, ప్లగ్గులు. ఫోన్లో చూసిన ఆ సలహాలు పట్టుకుని డీజిల్ బండి బ్రేకు వాక్యూమ్ గొట్టం వెతకకండి. పాత డీజిల్‌లో ఆ వాక్యూమ్ విడిగా ఒక పంపు నుంచి, చాలా బళ్లలో ఆల్టర్నేటర్ వెనక ఉండే దాని నుంచి వస్తుంది. అది లీకైతే బ్రేకు గట్టిపడుతుంది, స్లో మారదు.

[ఇంకొకరు: "మేస్త్రీ, స్లో దానంతట అదే పెరిగిపోయి తాళం తీసినా ఆగకపోతే?"]

ఇది అడిగినందుకు సంతోషం. టర్బో (ఇంజిన్‌లోకి గాలి తోసేది) సీలు పోయి ఇంజిన్ ఆయిల్ గాలి దారిలోకి వస్తుంటే ఇంజిన్ ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాలుస్తుంది. పంపు డీజిల్ ఆపేసినా ఆగదు, తెల్లగా నీలంగా పొగ కమ్మేస్తుంది, స్పీడు పెరుగుతూ పోతుంది. క్షణాల్లో తేల్చుకోవాలి. సీట్లోనే ఉంటే ఫుట్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు గట్టిగా పట్టి, టాప్ గేరు వేసి క్లచ్ ఒక్కసారిగా వదలండి, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది. ముందు వెనకా మనుషులు లేకుండా చూసుకోవాలి. షెడ్డులో ఉంటే గాలి దారిని చెక్క పలకతో మూసేయండి. అరచెయ్యి పెట్టకండి, గుడ్డ కుక్కకండి, లోపలికి లాగేస్తుంది. ఇంజిన్ చేతికి అందని స్పీడుకి పోయిందంటే బండిని వదిలి దూరం జరగండి. ఆగాక మళ్లీ స్టార్ట్ చేసి చూద్దామనుకోకండి. టర్బో నుంచి ఇంజిన్‌కి పోయే గొట్టం విప్పి లోపల ఆయిల్ ఎంత నిలిచిందో చూడండి, ఇంటర్‌కూలర్ (ఆ గాలిని చల్లార్చేది) ఉంటే దాన్నీ దింపి ఆయిల్ పూర్తిగా వంపేయండి. టర్బో బాగుచేయించినా అక్కడ మిగిలిన ఆయిల్ ఒక్కటే చాలు, ఇంజిన్ మళ్లీ పరుగెత్తడానికి.